సబ్బు డబ్బా మీద దసరా బొట్టు

ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్లుగా కొత్తగా చేరుతున్న పిల్లలకు ముందే ఒక మాట చెబుతాను. మీ నియామక పత్రంలో ఏం రాసి ఉన్నా సరే, మీ అసలు ఉద్యోగం తాళాలకు కాపలా కాయడం. నేను జనగామ, మానుకోట, భూపాలపల్లిలో మూడు కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుని కిందటేడు రిటైరై దిగిపోయాను. మానుకోటను కాగితాల మీద మహబూబాబాద్ అంటారు. బస్సు కండక్టరుకు కాగితాలతో పని లేదు కాబట్టి మానుకోట అనే అరుస్తాడు. ఆ కాలేజీలు ప్రభుత్వానివా ప్రైవేటువా అని మాత్రం అడగకండి. తాళం రెండు చోట్లా ఒకటే. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ప్రమోషన్ల గురించి రాయడం లేదు. వస్తే కదా రాయడానికి! సన్మాన సభలో నా గురించి చెప్పినవన్నీ అబద్ధాలు కాబట్టి అవీ రాయను. నేను రాసేది ఒక ప్లాస్టిక్ సబ్బు డబ్బా గురించి. అందులో నేను నా చేతులతో ఒక పరికరం చేశాను. ఉద్యోగం మొత్తంలో నేను గర్వపడ్డ పని అదొక్కటే. దాని వల్లే యాకమ్మ అనే మనిషి ఉద్యోగం పోయింది. పోగొట్టింది నేనే.

అద్దాల బీరువా

ముందు చిప్పు సంగతి. మైక్రోకంట్రోలర్ అనేది కాళ్లున్న నల్లటి పురుగులాంటి చిన్న ముక్క. మేం పిల్లలకిచ్చే రకానికి ఇరవై ఎనిమిది కాళ్లు. కొత్తగా కొన్నప్పుడు అది ఖాళీ పలక. మనం ఏం చేయమంటే అది చేస్తుంది కానీ, చేయమనే మాటను ముందు దానిలో రాయాలి. అలా రాసే పరికరమే ప్రోగ్రామర్. అది లేకపోతే చిప్పు పేపర్ వెయిట్‌గా కూడా పనికిరాదు, అంత బరువు ఉండదు.

జనగామలో మా ల్యాబుకు టెండరు పెట్టి తెప్పించిన ప్రోగ్రామర్ ఒకటి ఉండేది. ఉండేది అంటే, అద్దాల బీరువాలో ఉండేది. నేను చేరిన మొదటి వారంలోనే పిల్లల ప్రాక్టికల్ కోసం దాన్ని బయటికి తీద్దామని మా హెడ్ సుధాకర్ సార్‌ను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"యాదగిరీ, గది తీస్తే ఏమైతదో ఎర్కేనా?"

"పని చేస్తది సార్."

"ఖరాబైతది. ఖరాబైతే జవాబు ఎవలు చెప్పాలె? నేను చెప్పాలె. బీరువల ఉంటే ఖరాబైతదా?"

"కాదు సార్."

"మరి? ఇన్‌స్పెక్షనోళ్లు వస్తరు, అద్దంలకెల్లి చూస్తరు, నంబరు రాసుకుంటరు, పోతరు. ఇంక ఏం గావాలె నీకు?"

మరి పిల్లలకు ప్రాక్టికల్ ఎలాగని అడిగాను. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పమన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. మా పిల్లలు నాలుగేళ్లపాటు ప్రోగ్రామర్‌ను అద్దంలోంచి చూసి, నోట్‌బుక్కులో బొమ్మ గీసి, దాని భాగాల పేర్లు రాసి పాసయ్యారు.

సుధాకర్ సార్ చెడ్డవాడేమీ కాదు. ఆయన హయాంలో ఒక్క వస్తువు చెడిపోలేదు, ఒక్క వస్తువు పని చేయనూ లేదు. ఆయన బదిలీ అయిపోయాక తాళం నా చేతికొచ్చింది. ఉత్సాహంగా బీరువా తెరిచి ఆ ప్రోగ్రామర్‌ను బయటికి తీశాను. దాని తీగ చివరనున్న వెడల్పాటి మూతి పాత కంప్యూటర్లకు ప్రింటర్ తగిలించే చోట పెట్టాల్సింది. కొత్త కంప్యూటర్లలో ఆ చోటే లేదు. దాన్ని జాగ్రత్తగా లోపల పెట్టి తాళం వేశాను. రిజిస్టరులో దాని ఎదురుగా "పని చేయు స్థితిలో ఉన్నది" అని రాసి ఉంది. దాని కింద నేను కూడా సంతకం చేశాను. అలా నేను కూడా ఉద్యోగినయ్యాను.

సబ్బు డబ్బా పుట్టుక

మానుకోట వెళ్లాక అక్కడా అదే బీరువా, అదే రిజిస్టరు. ఈసారి అడగడం మానేసి చేయడం మొదలుపెట్టాను.

హైదరాబాద్ కోఠి గల్లీలో చిప్పు కూర్చునే సాకెట్ ఒకటి కొన్నాను. దాని చివర చిన్న మీట ఉంటుంది. మీట ఎత్తితే సందులు తెరుచుకుంటాయి, చిప్పు ఊరికే కూర్చుంటుంది. మీట దించితే లోపలి రేకులు చిప్పు కాళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుంటాయి. చిప్పు కాళ్లు వంగవు, వేళ్లకు గుచ్చుకోవు. దాన్ని చిల్లుల బోర్డు మీద అతికించి, చిప్పుకు గుండెచప్పుడు లాంటి ఒక క్రిస్టల్, రెండు చిన్న కెపాసిటర్లు, మొదటి కాలుకు ఒక రెసిస్టర్ పెట్టి, ఆరు తీగలు బయటికి తెచ్చాను. ఆ ఆరు తీగలూ కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలే ఒక చవక బోర్డుకు వెళ్తాయి. అంతే. ఉత్త చిప్పుకూ కంప్యూటర్‌కూ మధ్య మాట కలిపే అడాప్టరు. మొత్తం కలిపి మా ఇంట్లో ఖాళీగా పడి ఉన్న గులాబీ రంగు సబ్బు డబ్బాలో పట్టింది.

ఇది చదివి మీరూ చేయబోతారు కాబట్టి నా తప్పులు కూడా చెప్పాలి. మొదటి చిప్పును తలకిందులుగా పెట్టాను. చిప్పు తలవైపు చిన్న గంటు ఉంటుంది, అది మీట వైపు ఉండాలి. నేను చూసుకోలేదు. పనిచేస్తుందా అని వేలు పెట్టి చూస్తే బొబ్బెక్కింది. తరువాత ఇంకో ఎనిమిది చిప్పులను చంపాను, లేదా చంపాననుకున్నాను. ఈ చిప్పులో ఫ్యూజులనే సెట్టింగులు ఉంటాయి. వాటిలో సున్నా అంటే ఉన్నట్టు, ఒకటి అంటే లేనట్టు. మనిషనేవాడు ఎవడైనా తిరగేసి అర్థం చేసుకుంటాడు. నేనూ అలాగే రాసేసరికి ఎనిమిది చిప్పులూ నోరు మూసుకున్నాయి. పైన చెప్పిన క్రిస్టల్ అప్పటికి ఇంకా పెట్టలేదు, అది తగిలించాకే మళ్లీ పలికాయి. నిజానికి నాకు ఇది ముందే తెలిసి ఉండాల్సింది. మా స్టాకు రిజిస్టరులో ఉన్నవన్నీ లేనట్టే, లేనివే ఉన్నట్టు కదా!

సబ్బు డబ్బా వచ్చాక మా ల్యాబులో పిల్లలు మొదటిసారి సొంతంగా చిప్పులో ప్రోగ్రాం ఎక్కించి దీపం వెలిగించారు. ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతుంటే ఒక అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు కళ్లు చెమర్చాయి. ముక్కు చీదుకుని, సోల్డర్ పొగ అన్నాను.

యాకమ్మ మా ల్యాబు అటెండరు. తొర్రూరు వైపు ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. కాంట్రాక్టరు కింద పదకొండేళ్లుగా ఊడ్చడం, తుడవడం, తాళాలు తీయడం, వేయడం. ఆ దీపాన్ని చూసి ఆమె అంది:

"గా అద్దాల బీరువల ఉన్నది గింత పెద్దగున్నది, ఉత్తదే ఉన్నది. గీ సబ్బు డబ్బ పని జేస్తుంది. మంచిగున్నది సార్ మీ కాలేజి."

ఆయుధ పూజ

మా ప్రాంతంలో దసరాకు పనిముట్టుకు బొట్టు పెట్టని ఇల్లుండదు. ట్రాక్టరుకు, కుట్టుమిషనుకు, కంప్యూటరుకు, అన్నింటికీ పెడతాం. సెలవులిచ్చే ముందు రోజు ల్యాబులో పూజ పెట్టాం. ప్రిన్సిపాల్ మేడం కొబ్బరికాయ కొట్టింది. అద్దాల బీరువాకు పూలదండ వేశారు. లోపలున్న ప్రోగ్రామర్‌కు ఉద్యోగం మొత్తంలో దొరికిన మర్యాద అది.

నా సబ్బు డబ్బాకు బొట్టు నేనే పెట్టాను. కుంకుమ మా ఇంటి నుంచే తెచ్చాను. మేడారం నుంచి మా ఆవిడ సరోజన తెచ్చుకున్నది, కర్పూరం వాసన వేస్తుంది. దీపం నూనె చేతికి అంటుకుని ఉంది. ఆ వేళ్లతోనే మూత తీసి, సాకెట్ మీట పక్కన ఒక బొట్టు, మూత పెట్టి మూత మీద ఇంకో బొట్టు పెట్టాను. నా ముప్పై ఏళ్ల అనుభవమంతా ఆ క్షణంలో దండం పెడుతూ నిలబడింది.

తడిబట్ట

సెలవుల తరువాత కాలేజీ తెరిచారు. ప్రాక్టికల్ పరీక్షలకు పది రోజులే ఉంది. చిప్పు పెట్టి మీట దించాను. కంప్యూటర్ మీద అన్నీ సున్నాలు. చిప్పు తన పేరు కూడా చెప్పడం లేదు. చిప్పు మార్చాను, తీగ మార్చాను, కంప్యూటర్ మార్చాను. సున్నాలు మారలేదు.

మీటరు తీసి, బోర్డు కింది వైపు ఒక్కో కాలి దగ్గర పెట్టి, తీగ చివరిదాకా చూసుకుంటూ పోయాను. అన్నిచోట్లా బీప్ అంది. అంటే తీగలన్నీ సరిగ్గా ఉన్నాయి. మరి తప్పెక్కడ? తల గోక్కుంటూ కూర్చుంటే యాకమ్మ బకెట్టుతో లోపలికొచ్చింది.

"దుమ్ము బాగ వట్టింది సార్ సెలవులల్ల. పొద్దుగాల్నే వచ్చి అన్ని బల్లలు తడిబట్టతోని తుడిసిన."

నాకు అంతే చాలు. తడిబట్ట! నీళ్లు లోపలికి పోయి ఉంటాయి, సాకెట్ పాడై ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అనే మాటను నేను పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటాను. ఆ పూట గుర్తురాలేదు.

ప్రాక్టికల్స్ వాయిదా వేయమని కబురు పంపాను. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మేడం పిలిచి ఎందుకంది. ఈ ప్రశ్నకు ఉద్యోగి దగ్గర ఒక్కటే జవాబుంటుంది: నేను కాదు. కాగితం తీసుకుని రాశాను. "అటెండరు అజాగ్రత్త వలన, తడిబట్టతో తుడిచినందున, పరికరం దెబ్బతిన్నది." నా చేతిరాత మొదటినుంచీ అందంగా ఉంటుంది. ఆ కాగితం మీద మరీ అందంగా ఉంది.

కాగితం ఆఫీసుకు పోయింది, ఆఫీసు నుంచి కాంట్రాక్టరుకు పోయింది. మా కాలేజీలో ఇంత వేగంగా కదిలిన కాగితాన్ని నేను అంతకుముందు చూడలేదు, తరువాతా చూడలేదు. శుక్రవారం సాయంత్రం యాకమ్మ తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టింది.

"సోమారం నుంచి రావద్దన్నడు సార్ కాంట్రాక్టరు."

నేను ఏదో ఫైలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

"నా మొగనికి నడుము పడిపోయింది, మీకెర్కే గద. ఇంట్ల జీతమంటే నాదొక్కటే." తాళాల గుత్తిని నా వైపు జరిపింది. "నేనేం జేసిన సార్?"

"ఆఫీసోళ్లను అడుగు యాకమ్మా, నా చేతుల ఏం లేదు" అన్నాను. నా చేతిలో అప్పుడు పెన్ను ఉంది.

ఎరుపు

ఆదివారం పొద్దున కోఠి నుంచి తెప్పించిన కొత్త సాకెట్‌ను మార్చడానికి సబ్బు డబ్బాను ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టుకున్నాను. పాతదాన్ని ఊడదీసి, పారేసే ముందు దాని కడుపులో ఏముందో చూద్దామని పై మూతను స్క్రూడ్రైవర్‌తో లేపాను. మీట పక్కనున్న మొదటి సందులో, రేకుల మధ్య, ఎర్రగా ముద్దలా ఏదో ఉంది.

"తుప్పు పట్టింది. తడిబట్ట పెట్టి పాడు చేసింది" అన్నాను సరోజన వినేలా.

ఆమె టీ గ్లాసు పెడుతూ వంగి చూసింది. వేలితో కొంచెం తీసి వాసన చూసింది.

"తుప్పు గింత మంచిగ వాసనొస్తదా? గిది మన కుంకుమనే. మేడారంల తెచ్చింది. నూనెల కలిసి ముద్దయ్యింది. దీంట్లకు ఎట్ల వచ్చింది?"

సాకెట్‌ను తిప్పి ఆ సందు ఏ కాలిదో చూశాను. మొదటి కాలు రీసెట్ కాలు. దాన్ని కిందికి లాగితేనే చిప్పు మన మాట వినడానికి సిద్ధమవుతుంది. రేకుకూ కాలుకూ మధ్య నూనె కుంకుమ ముద్ద కూర్చుంటే కరెంటు దాటదు. నేను మీటరు పెట్టింది బోర్డు కింద. ముద్ద ఉన్నది పైన, చిప్పు కూర్చునే చోట. అక్కడ చూడనే లేదు.

"ఎవలు వెట్టిన్రయ్యా గీ బొట్టు?" అని మళ్లీ అడిగింది.

"నేనే."

"మరి యాకమ్మను తీసేసిన్రంటివి గద?"

ఆ టీ తాగలేకపోయాను. సిగ్గేసింది. బొబ్బెక్కిన రోజున కూడా అంత మంట లేదు.

లేని వస్తువు

సోమవారం ఆఫీసు తెరవగానే వెళ్లి సూపరింటెండెంటు వీరస్వామి బల్ల ముందు నిలబడ్డాను. నా కాగితం నాకు వెనక్కి కావాలన్నాను.

"పోయిన కాగితం ఎనుకకు రాదు యాదగిరి సార్. దానికి నంబరు పడ్డది."

"తప్పు నాది. నేను పెట్టిన కుంకుమ వల్ల ఆగింది. అదే రాసిస్త."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "కుంకుమ అని రాస్తరా? పూజల ఎవలెవలున్నరు? టెంకాయ ఎవలు కొట్టిన్రు? ప్రిన్సిపాల్ మేడం గద! ఆమె పేరు ఫైల్ల ఎక్కిస్తరా? జర ఆలోచించున్రి."

మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె అంతా విని, కుంకుమ అనే మాట కాగితం మీద రాకూడదని చెప్పింది. కావాలంటే 'ఎర్రని బాహ్య పదార్థం' అని రాయమంది. ఎర్రని బాహ్య పదార్థం యాకమ్మ ఖాతాలోకే పోతుందని నాకు తెలుసు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే, సాయంత్రం లోపు కాలేజీ నుంచి ఉత్తరం రాకపోతే ఇంకొకామె పేరు ఎక్కిస్తానన్నాడు.

మళ్లీ వీరస్వామి దగ్గరికే వెళ్లాను. కుంకుమ అనే రాస్తాను, నా పేరుతోనే రాస్తాను, నా ఉద్యోగం పోయినా సరే అన్నాను. గొంతు పెరిగింది. పక్క గదిలోంచి గుమాస్తాలు తొంగి చూశారు. వీరస్వామి ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మధ్య బతికిన మనిషి. ఆయనకు గొంతులు వినపడవు, నంబర్లే వినపడతాయి.

"ఆగున్రి, ఆగున్రి. ఇంతకు గా వస్తువు స్టాకు నంబరెంత?"

"దానికి నంబరెక్కడిది? నేను ఇంట్ల చేసుకున్న."

ఆయన ముఖం వెలిగింది. రిజిస్టరు తెరిచి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వేలు పెట్టి చూశాడు.

"లేదు. అసలు గసొంటి వస్తువే కాలేజిల లేదు. లేని వస్తువు ఎట్ల ఖరాబైతది? ఖరాబే కాకపోతే యాకమ్మ తప్పేముంది?"

మధ్యాహ్నం మూడింటికల్లా కాంట్రాక్టరుకు ఉత్తరం పోయింది. అటువంటి పరికరం కాలేజీలో లేనందున అది దెబ్బతినే అవకాశం లేదని, కాబట్టి అటెండరును కొనసాగించాలని అందులో ఉంది. మూడున్నరకు నాకు మెమో వచ్చింది. అనుమతి లేని పరికరాన్ని కాలేజీలో వాడినందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. రెండింటి మీదా ఒకే సంతకం, ఒకే సిరా. యాకమ్మ కోసం లేని వస్తువు, నా కోసం అరగంటలో పుట్టింది. ఆ మెమోను ఇప్పటికీ దాచుకున్నాను. నా సర్వీసులో నిజం రాసి ఉన్న కాగితం అదొక్కటే.

పత్తి చేను

ఉత్తరం కాంట్రాక్టరుకు చేరింది, యాకమ్మకు చేరలేదు. ఆమె ఫోన్ ఎత్తలేదు. మరునాడు పొద్దున్నే స్కూటరు మీద వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటి ముందు మంచంలో ఆమె మొగుడు, పత్తి ఏరడానికి కూలికి పోయిందని చెప్పి చేను చూపించాడు.

నడుముకు ఒడి కట్టుకుని సాలు వెంట వంగి పత్తి ఏరుతోంది. నన్ను చూసింది, చేతులు ఆపలేదు. నేను పక్క సాలులో ఆమె వెంటే నడుస్తూ కుంకుమ సంగతి, ఉత్తరం సంగతి అంతా చెప్పాను. అయిపోయాక ఆమె ఇంకో నాలుగు చెట్ల పత్తి ఏరింది.

"మూత మీద బొట్టు చూసిన్రా సార్?" అంది చివరికి.

"ఏ బొట్టు?"

"సబ్బు డబ్బ మూత మీద మీరు పెట్టిన బొట్టు. సెలవులైనంక కూడ గట్లనే ఉన్నది గద. నేను తడిబట్ట పెడ్తే గది ఉంటదా? పోదా?"

నేను నిలబడిపోయాను. మొన్న ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడు కూడా మూత మీద ఆ బొట్టు చెక్కుచెదరకుండా ఉంది. ఇన్ని రోజులూ దాన్ని ముందు పెట్టుకునే కూర్చున్నాను.

"బల్లలన్ని తుడిసిన. గా డబ్బను ముట్టలే. పండుగకు పెట్టిన బొట్టును ఎవలన్న తుడుస్తరా సార్? మంచిది గాదు గద." ఒడిలోకి ఇంకో గుప్పెడు పత్తి వేసింది. "అన్నిటికి మీటర్ పెట్టి అడుగుతరు. నన్నొక్క మాట అడుగుతే మీ నోరు అరిగిపోవునా?"

ఇరవై ఎనిమిది కాళ్లను ఒక్కొక్కటిగా అడిగాను. ఎదురుగా బకెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషిని అడగలేదు. చిప్పులకు భయపడేవాణ్ణి కాబట్టి వాటితో మర్యాదగా ఉన్నాను.

"తప్పయింది యాకమ్మా. రేపటి నుంచి రా" అన్నాను.

"వస్త. గని ఒకటి. కాగితంల ఏం రాసిన్రో నాకు చదువరాదు. ల్యాబుల అందరి ముంగట నోటితోని చెప్పున్రి. నా మీద పడ్డది కూడ అందరి ముంగటనే గద."

ప్రాక్టికల్స్ రోజు పొద్దున, పిల్లల ముందు, మానుకోట హెడ్ ముందు, బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు నిలబడి చెప్పాను. సబ్బు డబ్బా ఆగింది యాకమ్మ వల్ల కాదు, నా బొట్టు వల్ల, ఆ తప్పును నేను ఆమె మీదికి నెట్టాను అని. పిల్లలు నవ్వలేదు, అదే కష్టంగా అనిపించింది. తలుపు దగ్గర నిలబడ్డ యాకమ్మ విని, తల ఊపి, బయటికి వెళ్లి బోరింగు దగ్గర బకెట్టు నింపుకుంది. పరీక్షాధికారి నా దగ్గరికి వంగి, ఇవన్నీ ఇక్కడ అవసరమా అన్నాడు. ఆ తరువాత కొత్త సాకెట్‌తో పిల్లలందరి చిప్పులూ పలికాయి.

భూపాలపల్లిలో

భూపాలపల్లి కాలేజీలో నేను చేసింది తక్కువ కాలమే. అక్కడ ఏది చెడిపోయినా బొగ్గు దుమ్ము అంటారు. ఫ్యాను తిరగకపోతే బొగ్గు దుమ్ము, ఫైలు కదలకపోతే బొగ్గు దుమ్ము. నేను వెళ్లాక ఒక నియమం పెట్టుకున్నాను. ఏది ఆగినా, ఎవరి పేరైనా చెప్పే ముందు మూత తెరిచి చూడాలి. దానికంటే ముందు, దాని దగ్గర రోజూ ఉండే మనిషిని పిలిచి ఏం చూశావని అడగాలి. కొత్తవాళ్లకు నేనిచ్చే సాంకేతిక సలహా ఇదొక్కటే. సోల్డరింగ్ మీరే నేర్చుకుంటారు.

భూపాలపల్లికి బదిలీ అయ్యే ముందు మానుకోటలో ఇంకో దసరా చేసుకున్నాను. మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ బీరువాకు దండ. పళ్లెంలో పసుపు కుంకుమలు పెట్టగానే ల్యాబులో అందరూ నా వైపు చూశారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఎవరూ కదలకపోయేసరికి యాకమ్మ వచ్చి పళ్లెం చేతికి తీసుకుంది. సబ్బు డబ్బా మూత గట్టిగా ఒత్తి, పడిందో లేదో రెండుసార్లు చూసి, మూత మీద మాత్రం సన్నగా ఒక బొట్టు పెట్టింది. తరువాత పళ్లెంతో నా ముందుకొచ్చింది.

"సార్, జర వంగున్రి."

వంగాను. నా నుదుటి మీద పెద్ద బొట్టు పెట్టి, వేలు కొంగుకు తుడుచుకుంది.

"గీడ ఎంత పెట్టినా ఏం పరేషాన్ లేదు. లోపలికి దిగదు."

పిల్లలు పగలబడి నవ్వారు. ప్రిన్సిపాల్ మేడం కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఆ పూట సోల్డర్ పొగ లేదు. అదే బొట్టుతో బస్టాండు దాకా నడిచి, అదే బొట్టుతో ఇంటికి పోయాను.